ఆ దారితో పని లేదు

"మీ ఇటుకల లారీ తొక్కి పాడుచేసిన దారికి మేమెందుకు సగం పెట్టుకోవాలండీ?" బావగారు తాతాజీ మొహం చూడకుండా, పెద్దమనిషి సత్తియ్యగారి వైపు తిరిగి అడిగింది సూర్యకళ.

రెండిళ్లకీ ఉమ్మడిగా ఉన్న సిమెంటు దారి వీధి దాకా పెచ్చులు లేచిపోయి ఉంది.

"నడిచేవాళ్లంతా పెట్టుకోవాలి కదమ్మా," అన్నాడు తాతాజీ మెత్తగా.

"మేం నడిస్తే కదండీ. పెరటి వైపు కాలవగట్టు మీంచే పోతున్నాం."

పొద్దున ఆ దారినే పాలకి వెళ్లొచ్చిందని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

"అయితే ఈ దారితో మీకు పని లేదంటావు?"

"లేదండి."

"విన్నారుగా సత్తియ్యగారూ?"

"విన్నాను," అన్నాడాయన చుట్ట నలుపుకుంటూ. ఆయన ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆ ఊళ్లో లేదు.

"సరే. ఖర్చంతా నాదే," అన్నాడు తాతాజీ.

గెలిచాననుకుని కొంగు దోపుకుంది సూర్యకళ.

"లోకనాథూ, కానీ," అని తాతాజీ కేకేశాడు. ఇటుకల గుట్ట వెనక నుంచి తాపీమేస్త్రి పురికొస పట్టుకొచ్చాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా లాగి కట్టి, దాని వెంబడే గోడ కట్టడానికి ముగ్గు పోశాడు.

ఇల్లు కట్టే ఆలోచన లేనివాడు లారీడు ఇటుకలు ఎందుకు దింపించాడో ఆమెకి అప్పుడు తెలిసింది.

"బావగారూ," అంది గొంతు తగ్గించి. "రేపు మీ తమ్ముణ్ణి ఆసుపత్రి నుంచి పంపించేస్తున్నారు. నడుం విరిగిన మనిషి. గట్టు మీదకి ఆటో రాదండి."

తాతాజీ ముగ్గుగీతకి అవతల నిలబడి, పురికొస బిగువు వేలితో చూశాడు.

"నలుగుర్ని పిలుచుకోమ్మా. మోసుకొస్తారు."