పదకొండుకు పదకొండు

"మళ్ళా ఎత్తుకుపోయె," అంది అంజినమ్మ, పెరట్లో రాలిన గులాబీ రంగు ఈకలు ఏరుతూ. "ఇది నాలుగో కోడిపిల్ల."

మెట్టు మీద పళ్ళు తోముకుంటున్న ఆమె మొగుడు చెన్నయ్య తలెత్తి చూశాడు. గద్ద అప్పటికే హెబ్బగోడి ఫ్యాక్టరీ పొగగొట్టం దాటిపోయింది.

"పోయినవన్నీ శనివారాల్లోనే," అన్నాడు.

"గద్దకు వారాలు తెలుస్తాయా ఏంది?"

శనివారం చెన్నయ్య తన కోళ్ళ అంగడి తెరవడు. వెంకటరమణస్వామి మొక్కు. ఆ రోజు మాంసం ముక్క కూడా ఇంట్లోకి రాదు.

గోడ అవతల సరోజమ్మ కోడిపిల్లలు మాత్రం రేకుల చూరు కింద కులాసాగా తిరుగుతున్నాయి. ఇద్దరూ ఒకే రోజు గుడ్లు పొదగేశారు, ఇద్దరికీ పదకొండేసి పిల్లలు. పక్కింటి పిల్లలు తన వాటికన్నా బొద్దుగా ఉన్నాయని అంజినమ్మకు మొదటి రోజే కడుపు మండింది. గద్ద ఒక్కసారి అటు దిగితే చాలనుకునేది. ఇప్పుడు తనకు ఏడు మిగిలాయి. సరోజమ్మకు పదకొండుకు పదకొండు.

తను ఏం చేయలేదు కనుక? సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఊడ్చే మరిది తెచ్చిన పాత సీడీలన్నీ దండేనికి కట్టింది. గద్ద ఆనవాలు పట్టకుండా పిల్లలకు గులాబీ రంగు పూసింది. గద్ద గులాబీ రంగు పిల్లనే ఎత్తుకుపోయింది.

"ఆ యమ్మ సీడీ కట్టదు, వల కట్టదు. ఏదో మంత్రం ఏయించి ఉండాది."

"ఆ యమ్మ సంగతి ఇడిసిపెట్టి మన కుక్కను చూడు. దినామూ కవర్ నిండా కోడిపేగులు తెచ్చిస్తా ఉండాను. అయినా ఎముకలు తేలిపోయినాయి."

"కడుపులో పురుగులేమో," అంది అంజినమ్మ, గోడ వైపే చూస్తూ.

సోమవారం పొద్దున చెన్నయ్య అంగడి నుంచి టిఫినుకు వచ్చి, కుక్కకని కవర్ ఇచ్చి వెళ్ళాక, ఆమె గోడ దగ్గరకు నడిచింది. ఆ వేళకు సరోజమ్మ వీధి కొళాయి దగ్గర ఉండాలి. నీళ్ళు రాలేదో ఏమో, గోడ అవతలే పీట వేసుకుని కూర్చుంది.

"రా అక్కా."

అంజినమ్మ తడబడి, చివరికి అడిగేసింది. "ఏం మంత్రం ఏయించినావు సరోజా? గద్ద నీ పిల్లల జోలికే రాదే?"

"రాకేమక్కా, దినామూ వస్తాది. మా రేకుల మీదే కూర్చుంటాది."

"మరి?"

"ఎవురో పుణ్యాత్ములు ఆ రేకుల మీద కోడిపేగులు ఏస్తా ఉండారు. కడుపునిండా తిని దాని పాటికి అది పోతాది. శనివారం మాత్రం ఎవురూ ఏయరు. ఆకలితో ఆడే కూర్చోని చూస్తాది. నా పిల్లలు రేకుల కింద ఉంటాయి, దానికి అగుపడవు. అగుపడేది నీ పెరడే." సరోజమ్మ గొంతు తగ్గించింది. "ఎవురో తెలిస్తే శనివారం కూడా ఏయమని కాళ్ళు పట్టుకుంటాను అక్కా, నీ పిల్లల కోసం."

అంజినమ్మ చేతిలోని కవర్‌ను కొంగుచాటుకు లాక్కుంది.