ఏసీ కింద బకెట్

కొత్త ఏసీలు ఒక్క ఎండాకాలం మించి బతకని రోజులొచ్చాక, రెంటచింతలలో సంబంధం కలుపుకోవడానికి వచ్చేవాళ్లు పిల్లవాడి ఉద్యోగం అడగడం మానేసి, పెరట్లో ఏసీ గొట్టం కింది బకెట్ చూడటం మొదలుపెట్టారు. కొత్తవి చుక్క నీరు కార్చవు. బకెట్ నిండిందంటే లోపల పాత ఏసీ నడుస్తున్నట్టే. అలాంటి ఇంటివాళ్లు దేన్నైనా కలకాలం కాపాడుకుంటారని ఊరి నమ్మకం.

పిచ్చయ్య ఇంట్లో అరవై ఏళ్లు నడిచిన ఏసీ సరిగ్గా కొడుకును చూడటానికి పెళ్లివారొచ్చే వారంలోనే ప్రాణం వదిలింది. ఆయన దాని డొల్లలో కొత్తది ఇరికించి, వాళ్లొచ్చే రోజు తెల్లారగానే బకెట్ నింపి పెట్టాడు.

పిల్ల తండ్రి సాంబయ్య వస్తూనే పెరట్లోకి నడిచి, బకెట్లో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పగా ఉన్నాయేంది బావగారూ! ఏసీ నీళ్లు చప్పగా గదా ఉండాల్సింది?"

ఈ ఏడాది ఊళ్లో మూడు సంబంధాలు బకెట్ దగ్గరే వెనక్కి పోయిన సంగతి పిచ్చయ్యకు తెలుసు.

"బోరు నీళ్లు బావగారూ," అన్నాడు తల దించుకుని. "పాతది మొన్ననే పోయింది."

సాంబయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎవరన్నా బోరు నీళ్లు పోస్తారా? మీరు మా ఇంటికొచ్చిన రోజు మేం మంచినీళ్ల టిన్ను కొనుక్కొచ్చి మా బకెట్లో పోశాం. పదండి, తాంబూలాలు పుచ్చుకుందాం."