తొక్కని కాళ్ళు

ఊళ్ళో ముసలివాళ్ళందరిలాగే డెబ్బై ఎనిమిదేళ్ళ పైడమ్మ కూడా మనిషిని నడిపించే ఇనుపకాళ్ళు తన కాళ్ళకి తొడుక్కుని కొండెక్కుతోంది. శిఖరం మీద పూసే అడవిపూలను ఒక్కసారైనా చూడాలని ఆమె ఆశ. సగం దారిలో కాళ్ళు ఠక్కున ఆగిపోయాయి. ఎంత అదిలించినా కదల్లేదు.

"దిక్కుమాలిన కాళ్ళు! నా సొంత కాళ్ళే నయం!" అంటూ ఇనుపమోకాలి మీద ఒక్కటిచ్చింది.

ముందు నడుస్తూ దారి చూపిస్తున్న రత్నాలు వెనక్కొచ్చి నవ్వింది. "వాట్ని కొట్టకు మామ్మా. పూలని తొక్కవవి. కిందకి సూడు."

పైడమ్మ వంగి చూసింది. ఇనుప పాదం ముందు గోరంత నీలిపువ్వు. దాని వెనక ఇంకొకటి. ఆపైన దారంతా నీలమే.

"పైనే కదే పూస్తాయన్నావు?"

"పోయినేడు దాకా పైనే. ఈ ఏడు నీకోసం దిగొచ్చీసినాయి."

పైడమ్మ తాను కొట్టిన మోకాలిని తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుంది.