మంత్రగత్తె తిట్లు

అతను మళ్ళీ ఓడిపోయాడు.

తెర మీద వీరుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నల్లకోట మంత్రగత్తె చేతికర్ర నేలకి ఆనించి, తాపీగా వంగి వాడి మొహంలోకి చూసింది.

"కత్తి పట్టుకున్నావా, గరిటె పట్టుకున్నావా నాయనా?" అంది.

అతను సోఫాలో వెనక్కి వాలి నవ్వుకున్నాడు. వంటింట్లో కుళాయి చప్పుడు ఆగింది. కాసేపటికి గిన్నె ఒకటి గట్టు మీద గట్టిగా పడింది. భార్యకి వినబడిందన్నమాట.

అతనిది వింత ఉద్యోగం. వీడియో గేములు ఆడి, వాటి బాగోగులు పత్రికలో రాయాలి. చుట్టాలకి చెబితే, ఆడుకున్నందుకు కూడా జీతమిస్తారా అని నోరెళ్ళబెడతారు. భార్య పని మానేశాక ఇల్లు గడిచేది ఆ జీతంతోనే. ఆ సంగతి మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు. ఎడిటర్‌కి ఇంకా బాగా తెలుసు.

ఈ కొత్త ఆట గురించి మంచి రాయడానికి అతనికి అట్టే సేపు పట్టలేదు. కత్తి విసిరితే ఆ బరువు మన చేతికి తెలుస్తుంది. వీరుణ్ణి యోధుడిగా మలుచుకుంటామో, దొంగగా మలుచుకుంటామో మనిష్టం. దాన్నిబట్టి ఊళ్ళో జనం పలకరించే తీరు కూడా మారిపోతుంది. అడవిలో వాన మొదలైతే కూచున్నచోటే గొడుగు వెతుక్కోబుద్ధేస్తుంది. అన్నిటికీ మించి ఆ మంత్రగత్తె. ఓడిన ప్రతిసారీ కొత్త తిట్టు తిడుతుంది. మొన్న, "మళ్ళీ నువ్వేనా? ఇంట్లో పనేం లేదూ?" అంది. నిన్న, "నిన్ను కొట్టాలంటే నాకే జాలేస్తోంది, కాసేపు కూచో" అంది. ఒకసారి అన్నమాట మళ్ళీ అనదు.

చెడు రాసే దగ్గరే బండి ఆగిపోయింది. గుర్రం మెట్లెక్కదని రాశాడు. సంచిలో మందుసీసా వెతుక్కునేలోపు శత్రువు వచ్చి తన్నిపోతాడని రాశాడు. ఆ తర్వాత రాయాల్సింది రాయలేక మళ్ళీ కంట్రోలర్ అందుకున్నాడు. వారం రోజులుగా ఇదే వరస.

భార్య టీ తెచ్చి బల్ల మీద ఠంగుమని పెట్టింది. అంత ఉక్కలోనూ మెడకి చుట్టుకున్న స్కార్ఫ్ సర్దుకుంది. ఒక్క మాట లేదు.

ఒకప్పుడు ఆవిడ వంటింట్లోంచి మొగుణ్ణి పిలిస్తే వీధి చివర దుకాణంవాడు పలికేవాడు. ఇప్పుడు ఏం చెప్పాలన్నా గిన్నెలే చెబుతున్నాయి. బతిమాలితే తెగే వ్యవహారం కాదని అతనికి ఎప్పుడో తెలిసిపోయింది. ఆ మౌనం ముందు అతను చేయగలిగిందేమీ లేదు. అదే అతని ఏడుపు.

ఫోన్ మోగింది. ఎడిటర్. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టాడు.

"ఏవయ్యా, ఇంకా ఆ ముసల్దాని దగ్గరే ఉన్నావా? మా అల్లుడు రెండు రోజుల్లో లేపేశాడు. కర్ర ఎత్తినప్పుడు ఎడంపక్క కొట్టాలట."

"తెలుసండీ," అన్నాడు అతను.

తెలిసీ ఎందుకు కొట్టలేదని ఎడిటర్ విసుక్కున్నాడు. సాయంత్రానికి వ్యాసం చేతికి రాకపోతే ఆ పేజీ ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. ఇది ఉత్తుత్తి బెదిరింపు కాదని కూడా అన్నాడు. చివర్లో కాస్త మెత్తబడి, అంతగా కలం ఆపేసే లోపం ఏం దొరికిందని అడిగాడు.

"ఆవిణ్ణి గెలిస్తే ఆట ముందుకి పోతుందండీ. మళ్ళీ ఆవిడ దగ్గరికి వెనక్కి రాలేం."

"అన్ని ఆటలూ అంతే కదయ్యా," అని ఆయన పెట్టేశాడు.

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది.

అతను మళ్ళీ మొదలెట్టాడు. ఎప్పట్లాగే మంత్రగత్తెని చావు అంచుదాకా తీసుకొచ్చాడు. ఎప్పట్లాగే సరిగ్గా అక్కడ బొటనవేలు మీట మీంచి తీసేశాడు. కర్ర లేచింది, వీరుడు కూలాడు, మంత్రగత్తె వంగింది.

"కత్తి పట్టుకున్నావా, గరిటె పట్టుకున్నావా నాయనా?"

ఈసారి అతను నవ్వలేదు. ఇందాక అన్నమాటే మళ్ళీ అంది. అంటే తిట్లు అయిపోయాయి. అతని కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. తిట్టేవాళ్ళ దగ్గర తిట్లు నిండుకున్నాయని ఏడ్చే మగవాణ్ణి ఎవరైనా చూశారా?

భార్య చూసింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూచుంది. గోడ మీద గడియారం చూపించింది. కానివ్వమన్నట్టు తెరవైపు గడ్డం ఎగరేసింది.

అతను కాదనలేకపోయాడు. ఆడాడు. ఎడంపక్కన ఒక దెబ్బ, ఇంకో దెబ్బ. మంత్రగత్తె ప్రాణం సన్నటి ఎర్రగీతంత మిగిలింది. అలవాటుగా అతని వేలు పైకి లేచింది. భార్య వేలు వచ్చి దానిమీద పడింది.

"వద్దే," అన్నాడు అతను. "ఇంకొక్కసారి విననీ."

ఆవిడ తల అడ్డంగా ఊపి, అతని వేలితో సహా మీట నొక్కేసింది.

మంత్రగత్తె కుప్పకూలింది. ఆఖరికంటూ ఒక మాట దాచుకున్నట్టుంది. పడిపోతూ అంది:

"గెలిచావుగా. ఇక లేచి నీ పని చూసుకో."

తెర మీద పేర్లు ఒక్కొక్కటే పైకి పోసాగాయి; 'మంత్రగత్తె గొంతు' అన్నచోట, కిందటేడు ఆపరేషన్‌లో మాట పోకముందు ఆఖరిసారి డబ్బింగ్ చెప్పిన అతని భార్య పేరు ఉంది.