ఉడుతతోక

సరిగ్గా ఆ రోజే కుళాయిలో నీళ్ళు రాలేదు.

తలంటుకోవడానికి బొడిపెల నిమ్మకాయలు ఉడకబెట్టిన రసం గిన్నెలో చల్లారిపోయింది. మలివాన్ జుట్టు విరబోసుకుని స్నానాల గది గుమ్మంలో నిలబడి కుళాయిని తిట్టుకుంటోంది.

"ఎనభై దాటిన ముసలాయన్ని చూడ్డానికి ఇంత సింగారమా?" మెట్ల మీంచి నవ్వింది నోయి. కింద నూడుల్స్ కొట్టు ఆమెదే, ఇల్లూ ఆమెదే. "ఒక్క పూట తలంటుకోకపోతే ఆయనేం అలగడులే."

"సింగారం కాదక్కా. గదిలో వాసన తలకి పట్టేస్తుంది. ఆయన ముక్కు తికమకపడకూడదు."

"ఏం ముక్కమ్మా అది, మహారాజు ముక్కు! ముందు బయల్దేరు, బస్సెళ్ళిపోతుంది."

కొండ ఊరికి రోజుకి ఒకటే బస్సు. పైగా పోయిన వారం ఆయనకి జ్వరమని కబురొచ్చింది. మలివాన్ జుట్టు గట్టిగా ముడేసి, పైన గుడ్డ బిగించి కట్టుకుంది.

సకోన్ నఖోన్ పట్నంలో ఆమెది మేడ మీద ఒంటి గది. మొగుడు పోయాడు. పిల్లలు లేరు. గదిలో చెప్పుకోదగ్గ సామాను ఒక్క బట్టల బీరువా. అందులో బట్టలుండవు. లోపలంతా వెండి కాగితం అంటించి, దీపం వేలాడదీసి, చిన్న ఫ్యాను బిగించింది. అక్కడ గంజాయి మొక్కలు పెరుగుతాయి.

ఆ విత్తనం ఆమె తండ్రిది. ఫూఫాన్ కొండల మీద తాతల నాటి నుంచీ పండిన రకం. కంకి ఉడుత తోకలా ఉంటుందని దాన్ని ఉడుతతోక అనేవారు. సర్కారు వాళ్ళు తోటలు తగలబెట్టాక కొండ మీద ఒక్క మొక్క మిగల్లేదు. తండ్రి పోయాక వంటింటి పొయ్యి మీద, పొగకి నల్లబడ్డ వెదురు గొట్టంలో గుప్పెడు గింజలు దొరికాయి. చాలావరకు చచ్చినవే.

ఇప్పుడు సర్కారే ఒప్పుకుంటోంది, ఊరంతా పెంచుతున్నారు. మొలిచిన నాలుగింటినీ ఆరుబయట పెడితే చుట్టుపక్కల కొత్త రకాల పుప్పొడి పడి జాతి చెడిపోతుంది. అందుకే బీరువా. అమ్ముకునేవాళ్ళు, పువ్వులో గింజ పడితే ధర రాదని, మగమొక్క కనబడితే చాలు పీకి పారేస్తారు. మలివాన్ దాన్నీ కంటికి రెప్పలా చూసుకుంటుంది, గింజ కట్టాలి కదా. బీరువా తలుపు తీసి కూర్చుని ఆ మొక్కలతోనే మాట్లాడుకుంటుంది. వేరే ఎవరున్నారు?

తీరా పెంచాక, ఇది నిజంగా ఆ ఉడుతతోకేనా? చెప్పగలిగిన ముక్కు ఈ భూమ్మీద ఒక్కటే మిగిలింది. ఆమె తండ్రితో కలిసి కొండ మీద సాగు చేసిన ఖంపన్ పెదనాన్నది.

బస్టాండులో గంజాయి కొట్టు దగ్గర ఆమె కాసేపు ఆగింది. అరిటాకు పొట్లం సంచిలో భద్రంగా సర్దుకుని కొండ బస్సెక్కింది.

ఖంపన్ స్తంభాల మీద కట్టిన తన ఇంటి కింద వెదురు మంచం మీద కూర్చుని దారి వైపే చూస్తున్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

"తలకి ఆ గుడ్డేంటే? నాకు జ్వరమొస్తే నువ్వు కట్టుకున్నావా?"

"ఎండ, పెదనాన్నా."

ఆయన పొట్లం విప్పాడు. పువ్వుని వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"కాదు."

"ఇంకోసారి చూడు."

"ఎన్నిసార్లు చూసినా కాదే. పట్నం బస్టాండు కొట్లో సీసాల్లో పెట్టి అమ్ముతారు చూడు, ఆ వాసన. అసలుదైతే పచ్చి మామిడికాయ కొరికినట్టు పళ్ళు జివ్వుమనాలి. దాని వెనకాలే వాన పడ్డ మట్టి. ఆ వాసన పట్టుకునే మీ నాన్నా నేనూ పొగమంచులో తోటకి దారి వెతుక్కునేవాళ్ళం."

"ఎక్కడో పుప్పొడి కలిసుంటుంది. వచ్చే పంటకి తెస్తాలే."

"తే. అది ఒక్కసారి ముక్కుకి తగిలితే చాలు. దానికోసమే ఈ ప్రాణం పట్టుకుని కూర్చున్నా. ఆ రోజే హాయిగా పోతా."

వచ్చినప్పుడల్లా ఆయన ఈ మాట అంటాడు. అన్నప్పుడల్లా మలివాన్ గిన్నెలు తోమాలంటూ లేచి వెళ్ళిపోతుంది. ఈయన కూడా పోతే తనని తల్లీ అని పిలిచే మనిషి ఈ లోకంలో ఉండడు.

అన్నం, కోడి పులుసు తినిపించి, మందులు వేయించి, చాప దులిపి వేసింది. ఈలోగా తిరుగు బస్సు హారన్ వినబడింది. మలివాన్ నాలుగడుగుల దూరంలోనే నిలబడి చేతులు జోడించింది.

"ఏం, నేనేమన్నా అంటరానివాణ్ణా? దగ్గరికి రా."

అక్కడ పెద్దవాళ్ళు తల మీద ముక్కు ఆనించి ఊపిరి పీల్చి దీవిస్తారు. ప్రతిసారీ ఆయన అలా దీవించి, "నీ తల నిండా నిమ్మకాయలేనే" అని వెక్కిరిస్తాడు.

"బస్సు ఆగదు పెదనాన్నా..."

ఆయన వినలేదు. ఆమె చెయ్యి పట్టి లాగి, గుడ్డ పక్కకి జరిపి, ముడి మీద ముక్కు ఆనించాడు. ఆనించినవాడు అలాగే ఉండిపోయాడు. మలివాన్ కదల్లేకపోయింది. బస్సు మళ్ళీ హారన్ కొట్టింది.

ఖంపన్ కళ్ళు తుడుచుకున్నాడు. గుడ్డ ఆమె తలకి తనే తిరిగి కట్టి, చెవిలో చిన్నగా అన్నాడు:

"వచ్చే పంటకీ ఆ బస్టాండు కొట్టు పువ్వే పట్టుకురా తల్లీ, అసలుది నీ జుట్టులో ఉందని యముడికి చెప్పనులే."