మరాఠీ ఒకటి

నాందేడ్‌లోని తన ట్యూషన్ గది ఖాళీ అయ్యాక గజానన్ సార్ రేపటి పాఠానికి బోర్డు సిద్ధం చేసుకుంటున్నాడు. ఒకటికి లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ ఎంత అని రాసి, సుద్దముక్క అక్కడే పెట్టి, కిటికీలు మూయడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి జవాబు రాసి ఉంది. తొమ్మిది బై ఎస్.

ఒకటి బై ఎస్ ఉండాలి. తుడవబోయి ఆగాడు. అది తొమ్మిది కాదు, మరాఠీ ఒకటి. చూడటానికి అచ్చం తొమ్మిదిలాగే ఉంటుంది.

తనకు తెలిసి తొందరలో అలా రాసేవాడు ఒక్కడే, కాలేజీలో తన గదిలో ఉండే మర్ఖేల్ ఊరి మారోతి. చిన్నప్పటి మరాఠీ బడి అలవాటు. దాంతో మార్కులు పోయేవి, ఇద్దరూ నవ్వుకునేవారు. హాస్టల్ గదిలో ఒకే లైటు కింద కూర్చుని ఒకరినొకరు లెక్కలు అడుక్కునేవారు. ఆఖరి రాత్రి కూడా మారోతి వదల్లేదు.

"ఇంకొక్కటి అడుగురా."

"నిద్రొస్తున్నది. నువ్వు ఊరికి పోయొచ్చినంక అడుగుత తియ్," అన్నాడు గజానన్.

తెల్లారి మారోతి ఎక్కిన జీపు మర్ఖేల్ చేరలేదు. ఇరవై రెండేళ్లయింది.

గజానన్ తలుపు వైపు పోలేదు. ఆ జవాబు కింద 'టి'కి లాప్లాస్ ఎంత అని రాసి, సుద్దముక్క పెట్టేసి, బోర్డుకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"అడిగిన. చెప్పురా మారోతి."

ఖాళీ బెంచీల మీద ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. వెనక సుద్దముక్క చప్పుడు మొదలైంది, ఎప్పటిలాగే తొందర తొందరగా.