కొండెక్కిన పళ్ళు

చెయ్యి ఎక్కడ పెట్టిందో చూసుకుని ఆమె కెవ్వుమంది.

"ఏమైంది? జారావా?" పై రాతి మీంచి భర్త కంగారుగా వంగి చూశాడు.

"జారినా బాగుండేది. మేక పెంటికలు! అదీ వెచ్చగా!"

"అంటే మేక ఇప్పుడే ఎక్కింది. దారి సరైనదే."

"ఛీ! నిన్న ఈ చేతికే కదా ముద్దు పెట్టారు. ఇప్పుడు పెట్టండి చూద్దాం."

"ముందు కడుక్కో. తర్వాత ఆలోచిద్దాం."

ఆమె చెయ్యి పక్క బండకి రాసింది. ఆ బండకి ఎవరో నమిలి అంటించిన చూయింగ్ గమ్ ఉంది.

తప్పంతా అతని సరదాది. ఎవరో ఎక్కడో ఒక పెట్టె దాచి, దాని ఆచూకీ ఫోనులో పెడతారు. మిగతావాళ్ళు వెతికి పట్టుకుని, అందులోని పుస్తకంలో పేరు రాయాలి. ఏదైనా తీసుకుంటే బదులుగా ఏదైనా పెట్టాలి. దాన్ని జియోకాష్ అంటారట. పోయిన ఆదివారం అతను ఈ శిఖరం ఎక్కి, బొమ్మ ఉందనుకుని చిన్న నీలం డబ్బా ఒకటి ఆ పెట్టెలో వదిలి వచ్చాడు.

ఆ రోజు నుంచే అతని తాతయ్య కట్టుడుపళ్ళు కనబడడం లేదు. అవి ఉండేదీ సరిగ్గా అలాంటి నీలం డబ్బాలోనే. చవగ్గా ఉన్నాయని మనవడు కూడా ఓ డజను కొని, ఒక్కోదాంట్లో ఒక్కో బొమ్మ వేసి ఇల్లంతా పడేశాడు. ఆదివారం పొద్దున్న వాష్‌బేసిన్ దగ్గరున్న డబ్బాని మూత తీయకుండా సంచిలో వేసుకున్నదీ అతనే.

రేపు సాయంత్రం తాతయ్యకి పాత విద్యార్థులు సన్మానం చేస్తున్నారు. దాని కోసం కోటు కూడా పోయిన వారమే లాండ్రీకి వేశారు. ఒక్క అక్షరం తడబడితే బెంచీ ఎక్కించిన మాస్టారాయన. ఇప్పుడు "ప్రియ శిష్యులారా" అనబోతే "ఫియ ఫిఫ్యులాఆ" అని వస్తోంది. వారం నుంచి గంజి తాగుతూ, మనవడితో మాట మానేశారు. నిన్న "నేను వేదిక ఎక్కను" అని కాగితం మీద రాసి చూపించి ముసుగు తన్నారు. కొత్తవి కట్టడానికి పది రోజులు కావాలన్నాడు పళ్ళ డాక్టరు.

"నువ్వెందుకు, నేను తెస్తాగా" అన్నాడు అతను పొద్దున్న.

"మిమ్మల్ని నమ్మి లాభం లేదు. ఈసారి నేనే మూత తీసి చూస్తా" అని ఆమె బయల్దేరింది.

చివరి వంద అడుగులూ బల్లుల్లా పాకారు. పైన ఖాళీ సీసాలు, కుళ్ళిన అరటి తొక్కలు, ఒంటి మేజోడు.

"ఇంత ఎత్తుకి ఇంత చెత్త మోసుకొచ్చారంటే ఎంత ఓపికండీ!" ఆమె ముక్కు మూసుకుంది.

రాళ్ళ కుప్ప కింద రేకు పెట్టె దొరికింది. పక్కనే పాత చేతికర్ర ఒకటి ఆనించి ఉంది. మూత తీయగానే ముక్కిపోయిన వాసన. ప్లాస్టిక్ సాలీడు, తుప్పు పట్టిన బ్యాడ్జి, ముక్కుపొడి మరకల రుమాలు మూట. నీలం డబ్బా లేదు. అతని ముఖం పాలిపోయింది.

ఆమె రెండు వేళ్ళతో మూట విప్పింది. గులాబీ రంగు చిగుళ్ళతో పళ్ళ సెట్టు ఇకిలించింది. ఒక పంటి సందులో నల్లగా ఏదో ఇరుక్కుని ఉంది.

"యాక్!"

"తాతయ్యవే! బతికాను!"

"మరి డబ్బా ఏదీ?"

అతను పుస్తకంలో తన పేరు కింది వాక్యాలు చదివాడు. "'నీలం డబ్బా నచ్చింది, తీసుకున్నాను. బదులుగా ముప్ఫై ఏళ్ళ నేస్తాన్ని వదిలి వెళ్తున్నాను. ఇట్లు, ముసలి మేక.'"

"డబ్బా నచ్చి పళ్ళు పారేశాడన్నమాట."

"పారేయలేదు, రుమాల్లో కట్టి మరీ ఉంచాడు. మంచాయన."

"ఆ నేస్తం ఎవరో?"

అతను చేతికర్ర చూపించాడు. అంత అసహ్యంలోనూ ఆమె మనసు కరిగింది. "పాపం, ఇది లేకుండా ఎలా దిగాడో" అంటూ కర్రని మెత్తగా నిమిరింది. దిగేటప్పుడు వాగులో చేతులు నాలుగుసార్లు కడిగింది. అయిదోసారి కడగబోతే అతను ముద్దు పెట్టేశాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే తాతయ్య మూట లాక్కున్నారు.

"ఆగండి తాతయ్యా! వేడినీళ్ళలో మరిగించి ఇస్తాను!"

అప్పటికే అవి నోట్లోకి వెళ్ళిపోయాయి. టకటకమని చప్పుడు చేసి, వారం తర్వాత మొదటి మాట స్పష్టంగా పలికారు. "నా ఎంగిలి నాకు ఎంగిలేంటమ్మా!"

ఆమె గోడ వైపు తిరిగింది.

"కాస్త వదులుగా ఉన్నాయేంట్రా?"

"వారం నుంచి గంజే కదా తాతయ్యా. దవడలు చిక్కిపోయాయి."

తాతయ్య పంటి సందులోని నల్లటి ముక్కని నాలుకతో పెకలించి, నెమ్మదిగా నమిలారు. "లవంగం. ఎప్పుడు వేసుకున్నానో గానీ, ఘాటు తగ్గలేదు."

తర్వాత గుప్పెడు వేయించిన పల్లీలు నోట్లో పోసుకుని, లేచి నిలబడి, "ప్రియ శిష్యులారా!" అని గర్జించారు. మనవడు చప్పట్లు కొట్టాడు. ఆమె కూడా నవ్వేసింది.

అంతలో లాండ్రీ అతను తలుపు తట్టి, ఇస్త్రీ చేసిన కోటు అందించాడు.

"పెద్దాయనా, మీ పళ్ళు జేబులో మర్చిపోయారు."